ఫుకువోకాలో శని, ఆదివారాలు ఎలా గడుపుతున్నారు?

కొత్తకాపురం
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఈ మధ్యే ఫుకువోకాకి మారాం. నాది హకాతా స్టేషన్ దగ్గర ఐటీ ఉద్యోగం, ఇల్లు నిషిజిన్ వైపు. మా ఆవిడ పూర్తి శాకాహారి, పాపకి ఐదేళ్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎలాగో గడిచిపోతోంది గానీ శనివారం వస్తే ముగ్గురం మూడు స్క్రీన్లు ముందేసుకుని కూర్చుంటున్నాం, సాయంత్రానికి ఎవరో ఒకరు చిరాకుపడటం, నేను దగ్గర్లో ఉన్న కన్వీనియన్స్ స్టోర్‌కి వెళ్లి ఐస్‌క్రీమ్ పట్టుకురావడం, అంతే. టూరిస్టుల వీడియోలు చాలా చూశాం, అవి వద్దు. ఇక్కడ ఉంటున్నవాళ్లు నిజంగా ఎక్కడికి వెళ్తారు, ఏం తింటారు, మనుషులతో పరిచయాలు ఎలా అయ్యాయి, అది చెప్పండి. కారు లేదు. ఖర్చు కూడా కాస్త చూసుకోవాలి.

పాతకాపు
స్వాగతం అండి. నిషిజిన్‌లో ఇల్లు, పైగా చిన్నపిల్ల ఉందంటే మీరు అదృష్టవంతులు, సముద్రం నడక దూరంలో ఉంది. మొమోచి బీచ్‌కి వెళ్లారా? అది మనుషులు పోసిన ఇసుక, 1989లో అక్కడ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు సముద్రాన్ని పూడ్చి కట్టిన పేట అదంతా, ఫుకువోకా టవర్ కూడా అప్పటిదే, 234 మీటర్లు. టవర్ ఎక్కకపోయినా ఫర్వాలేదు, కింద కూర్చుంటే చాలు, పాప ఇసుకలో ఆడుకుంటుంది, పైసా ఖర్చు లేదు.

రెండోది ఓహోరి పార్కు. కోట కందకాన్ని చెరువుగా మార్చి 1929లో తెరిచారు, చుట్టూ తిరిగితే 2 కిలోమీటర్లు. నడిచేవాళ్లకి, పరిగెత్తేవాళ్లకి, సైకిళ్లకి వేర్వేరు దారులు గీసి ఉంటాయి, నడిచే దారి తప్పి పరుగు దారిలోకి వెళ్తే ఎవరూ తిట్టరు గానీ మనకే ఇబ్బందిగా ఉంటుంది. పక్కనే మైజురు పార్కు, మార్చి చివర్లో చెర్రీపూలు అక్కడే చూడండి.

జూ ఉంది, పెద్దవాళ్లకి 600 యెన్లు, పిల్లలకి ఉచితం, సోమవారం సెలవు. 2024లో మయన్మార్ నుంచి నాలుగు ఏనుగులు వచ్చాయి, మా వాడు వాటి దగ్గర్నుంచి కదలడు.

ఇంకోటి, ఇది ఏ వీడియోలోనూ చెప్పరు. హకాతా నుంచి హకాతామినామికి షింకాన్‌సెన్ షెడ్డుకి వెళ్లే లైన్ ఉంది. అసలు బుల్లెట్ ట్రైన్ బండే, టికెట్ మాత్రం 300 పైచిలుకు యెన్లు. పది నిమిషాల్లో దిగిపోతాం. పాపని కిటికీ పక్కన కూర్చోబెట్టండి, వారం రోజులు అదే కబుర్లు చెబుతుంది.

టోక్యో_బెటర్
బ్రో నిజం చెప్తున్నా, కోపం తెచ్చుకోకండి. నేనూ అక్కడ ఉండి వచ్చినవాణ్ణే. ఈ పార్కులు, బీచ్‌లు మూడు నెలలు బావుంటాయి, ఆ తర్వాత? గుడి లేదు, ఇండియన్ స్కూలు లేదు, మన సరుకుల షాపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ టోక్యో నిషికసాయ్‌లో మెట్లు దిగితే కరివేపాకు దొరుకుతుంది, పక్క ఫ్లాటులో తెలుగువాళ్లు, పండగొస్తే హాలు బుక్ చేసుకుని వంద మంది కలుస్తాం. కెరీర్ పరంగా కూడా టోక్యోనే. అవకాశం వస్తే మారిపోండి.

పాతకాపు
@టోక్యో_బెటర్ దూరపు కొండలు నునుపు అంటారు, మీరేమో దగ్గరి కొండనే గొప్ప అంటున్నారు, సరే. మీరు చెప్పిన మూడూ నిజమే, కాదనను. కానీ అక్కడ ఆఫీసుకి రైల్లో ఎంతసేపు నిలబడతారో అదీ రాయండి. ఇక్కడ హకాతా నుంచి ఎయిర్‌పోర్టు మెట్రోలో రెండు స్టేషన్లు, ఐదు నిమిషాలు. సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉంటా. సెలవురోజు ఒక్కటే జీవితం కాదు కదా, మామూలు సాయంత్రాలు కూడా లెక్కలోకి వస్తాయి.

నిషిజిన్_అక్క
మా పేటకే వచ్చారన్నమాట! తిండి సంగతి నేను చెప్తాను తమ్ముడూ, మగవాళ్లు ఎలాగూ టవర్లు, రైళ్లు చెప్తారు.

ముందు మీ ఆవిడకి చెప్పండి, నిషిజిన్ షాపింగ్ వీధిలో మధ్యాహ్నం పూట బండ్ల మీద కూరగాయలు, పూలు అమ్మే పెద్దావిడలు ఉంటారు. ఒకప్పుడు వరసగా ఉండేవాళ్లట, ఇప్పుడు తగ్గిపోయారు. కానీ ఉన్నవాళ్ల దగ్గర కొంటే ధర తక్కువ, రెండో వారానికే మనల్ని గుర్తుపడతారు. ఎండాకాలం ఇక్కడ బెండకాయ, కాకరకాయ బ్రహ్మాండంగా దొరుకుతాయి, మనం ఉన్న ఈ క్యూషు దీవిలో పండేవే. కాకరని గోయా అంటారు. మన బచ్చలికూరని త్సురుమురాసాకి పేరుతో అమ్ముతారు, కందిపప్పు వేసి వండితే తేడా తెలియదు. చేమదుంపలు చలికాలం అంతా ఉంటాయి. గోంగూర మాత్రం ఆశ వదులుకోండి, నిల్వ పచ్చడి సీసాయే గతి.

పచ్చడి అంటే గుర్తొచ్చింది, ఊరి నుంచి వచ్చేటప్పుడు చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ఒక్క సీసా కూడా పెట్టుకోవద్దని అందరికీ చెప్పండి. మాంసం ఏ రూపంలో ఉన్నా ఇక్కడికి తేవడం నిషేధం, ఎయిర్‌పోర్టులో కుక్కలు వాసన పట్టేస్తాయి. చట్టంలో మూడేళ్ల జైలు, 30 లక్షల యెన్ల దాకా జరిమానా రాసి ఉంది. పచ్చి కరివేపాకు, విత్తనాలు కూడా అక్కడి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవని ఇచ్చే పత్రం) లేకుండా తేకూడదు. ఎండబెట్టి పొడి చేసిన కరివేపాకు కారం తెచ్చుకోండి, దానికి సాధారణంగా గొడవ ఉండదు.

బయట తిండి గురించి. ఈ ఊరి గొప్పంతా పంది ఎముకల పులుసుతో చేసే రామెన్, అంటే మీ ఆవిడకి సున్నా. కూరగాయల వంటకం అని చెప్పినా అడుగున దాషి ఉంటుంది, అది ఎండు చేప నుంచి తీసిన చారు. సోబా, ఉదోన్ నూడుల్స్, మిసో సూపు అన్నిట్లోనూ అదే. కన్వీనియన్స్ స్టోర్‌లో ఉమె ఒనిగిరి, అంటే ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద, చాలావరకు పనికొస్తుంది, అయినా వెనకాల ఫోను కెమెరాతో అనువాదం చేసి చూసుకోవడం అలవాటు చేసుకోండి. నేనైతే బయటికి వెళ్లినప్పుడల్లా పులిహోర డబ్బా పట్టుకెళ్తాను. పార్కులో చాప పరుచుకుని తినడం ఇక్కడ అందరూ చేసేదే, వింతగా చూడరు. తిన్నాక చెత్త మాత్రం ఇంటికే మోసుకురావాలి, బయట చెత్తకుండీలు ఉండవు.

కొత్తకాపురం
అక్కా, బచ్చలికూర సంగతి చెప్పగానే మా ఆవిడ ఫోను లాక్కుని చదివింది. ఒక డౌటు. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ ఇక్కడ తిరగడం లేదు, మూలుగుతోంది.

నిషిజిన్_అక్క
మూలగక ఏం చేస్తుంది, మనది 230 వోల్టులు, ఇక్కడ 100. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, చిన్నది కొంటే మోటారు మొదలైనప్పుడు లాగలేదు, 1500 వాట్లది తీసుకోండి, ఇటుకలాగా బరువుంటుంది. లేదంటే అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం చేసే 110 వోల్టుల మిక్సీ తెప్పించుకోండి, కొంచెం నెమ్మదిగా తిరిగినా కొబ్బరి పచ్చడి అవుతుంది. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం వద్దు, గోడలు పల్చన. పొద్దున రుబ్బుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే.

ఉప్పూకారం
అందరూ శని, ఆదివారాలు అంటున్నారు, నాకు అవి ఉండవు. నేను వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌ని, విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సింగ్ చదివి వచ్చిన బ్యాచ్. షిఫ్టుల ప్రకారం ఏ మంగళవారమో బుధవారమో సెలవు వస్తుంది, ఆ రోజు మనవాళ్లందరూ ఆఫీసుల్లో ఉంటారు. మొదట్లో గది తలుపేసుకుని పడుకునేదాన్ని. తర్వాత తెలిసింది, వారం మధ్యలో ఈ ఊరు ఎంత ఖాళీగా ఉంటుందో. మొమోచిలో సిటీ మ్యూజియం ఉంది, 200 యెన్లు. అక్కడ బంగారు ముద్ర ఒకటి పెట్టారు, చాలా చిన్నది, ఒక్కో పక్క 2.3 సెంటీమీటర్లే. క్రీ.శ. 57లో చైనా చక్రవర్తి ఇక్కడి రాజుకి పంపించాడట, 1784లో షికానోషిమా దీవిలో ఒక రైతు కాలువ బాగుచేస్తుంటే బయటపడింది. మంగళవారం పొద్దున వెళ్తే ఆ గదిలో నేను, గార్డు, ముద్ర, అంతే. ఎవరూ తోసెయ్యరు, ఎంతసేపైనా చూడొచ్చు. దాని ఎదురుగా నడిస్తే సిటీ లైబ్రరీ, అక్కడ ఆసియా సినిమాల పాత ప్రింట్లు భద్రపరుస్తారు, థియేటర్ కూడా ఉంది, టికెట్ మామూలు హాలు కన్నా చవక.

మా ఆశ్రమంలో తాతయ్యలు, బామ్మలు నా జపనీస్ దిద్దుతారు, అదొక్కటే ఉచిత ట్యూషన్. వాళ్లలో ఒకాయన ప్రతి నవంబరులో సుమో టీవీ ముందు కూర్చుని ఒక్కో ఆటగాడి చరిత్ర చెప్తారు. ఏడాదికి ఆరు టోర్నమెంట్లు, ఆరోది ఫుకువోకాలోనే, నవంబరులో 15 రోజులు. పొద్దున్నుంచే చిన్న ఆటగాళ్ల పోటీలు జరుగుతాయి, హాలు సగం ఖాళీ, పెద్ద ఆటగాళ్లు సాయంత్రం వస్తారు. చవక సీటు తీసుకుని పొద్దున్నే వెళ్తే రోజంతా అక్కడే గడపొచ్చు. తిండి మాత్రం మన డబ్బాదే.

పాతకాపు
@ఉప్పూకారం మంచి సంగతి చెప్పావమ్మా. మ్యూజియం సోమవారం మూసేస్తారు, అది ఒక్కటి చూసుకోవాలి. నీలాంటివాళ్లకి ఇంకొకటి, ఫుకువోకా ప్రైజ్ అని ఈ నగరమే ఇచ్చే అవార్డు ఉంది, 1990 నుంచి ఆసియా పండితులకీ కళాకారులకీ ఇస్తున్నారు. 1991లో పండిట్ రవిశంకర్, 2016లో ఏ.ఆర్. రెహమాన్, 2021లో పాలగుమ్మి సాయినాథ్. అవార్డు తీసుకున్నవాళ్లు ఇక్కడ ప్రజల ముందు మాట్లాడతారు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఉచితం. మన దేశంలో వాళ్లని అంత దగ్గర్నుంచి చూడాలంటే ఎవరి సిఫార్సు కావాలో ఆలోచించండి. ఇది కూడా టోక్యోలో లేదు లెండి 🙂

ఇతో_కుర్రాడు
క్యూషు యూనివర్సిటీ ఇతో క్యాంపస్ నుంచి. మాది ఊరి చివర, ఒకవైపు కొండ, ఒకవైపు పొలాలు. డబ్బుల్లేని స్టూడెంట్ల లెక్క చెప్తాను. వీసా ప్రకారం వారానికి 28 గంటలే పార్ట్‌టైమ్, కాబట్టి మా సరదా అంతా సైకిల్ మీదే. ఇతోషిమా తీరం వెంబడి తొక్కుకుంటూ వెళ్తే సకురాయ్ ఫుతామిగౌరా వస్తుంది, సముద్రంలో రెండు బండరాళ్లని తాడుతో కలిపి కట్టి ఉంటారు, ముందు తెల్లటి తోరీ, అంటే గుడి ద్వారం. వేసవిలో సూర్యుడు సరిగ్గా ఆ రాళ్ల మధ్య దిగుతాడు, ఆ రోజుల్లో కార్లతో జామ్ అయిపోతుంది, మేం సైకిళ్ల మీద పక్కనుంచి జారుకుంటాం. చలికాలం వస్తే రేవుల దగ్గర ఆయిస్టర్ల (ఆల్చిప్పల) షెడ్లు పెడతారు, బొగ్గుల మీద మనమే కాల్చుకోవాలి. శాకాహారులకి పనికిరాదు, మిగతావాళ్లు ఒక్కసారైనా వెళ్లాలి.

సైకిల్ కొనేవాళ్లకి హెచ్చరిక. షాపులోనే రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఫ్రెండ్ దగ్గర పాతది తీసుకుంటే పేరు మార్పించుకోండి, లేకపోతే రాత్రిపూట పోలీసు ఆపినప్పుడు సైకిల్ ఎవరిదో చెప్పలేక తలప్రాణం తోకకొస్తుంది. 2026 ఏప్రిల్ నుంచి సైకిళ్లకి కూడా చలానాలు మొదలు, ఫోను చూస్తూ తొక్కితే 12,000 యెన్లు. తాగి తొక్కడం గురించి అసలు ఆలోచించకండి, అది చలానాతో పోదు, కేసే. ఊరి నడిబొడ్డున తెన్జిన్‌లో ఫుట్‌పాత్ మీద పెట్టేసి సినిమాకి వెళ్తే తిరిగొచ్చేసరికి మునిసిపాలిటీవాళ్లు ఎత్తుకుపోతారు.

బోనాల_బాబు
సికింద్రాబాద్ నుంచి. ఎవరూ యమకాసా పండగ గురించి రాయలేదేంటి! జులై 1 నుంచి 15 దాకా హకాతా అంతా అదే సందడి. ఆఖరి రోజు తెల్లవారుజామున సరిగ్గా 4:59కి కుషిదా గుడి దగ్గర మొదటి బండి బయల్దేరుతుంది. బండి అంటే చక్రాల్లేవు, టన్ను బరువు, భుజాల మీద మోస్తూ 5 కిలోమీటర్లు పరుగు, దారి పొడవునా జనం బకెట్లతో నీళ్లు చల్లుతుంటారు. 1241లో ఊళ్లో అంటువ్యాధి వస్తే ఒక బౌద్ధ గురువు పల్లకీ మీద ఊరంతా తిరిగి నీళ్లు చల్లాడని, అక్కడ మొదలైందని చెప్తారు. మా ఉజ్జయిని మహంకాళి బోనాలు కూడా 1813లో కలరా వచ్చినప్పటి మొక్కే కదా, నెల కూడా దాదాపు అదే. నేను మొదటిసారి చూసినప్పుడు గోచీలు కట్టుకున్న ఆ మగవాళ్లని చూసి పోతరాజులు లేని లోటు ఒక్కటే అనుకున్నా. ఇంకో ముచ్చట, పండగ అయ్యేదాకా మోసేవాళ్లు దోసకాయ తినరు, అడ్డంగా కోస్తే గుడి చిహ్నంలా ఉంటుందని.

14 రాత్రి నిద్ర మానుకోండి, లేదంటే మూడింటికే లేవండి. నాలుగున్నరకి వెళ్తే వెనకాల వరసలో జనం తలకాయలు కనపడతాయి. పాపని తెల్లారి తీసుకెళ్లడం కష్టం అనుకుంటే 1వ తారీకు నుంచే వీధుల్లో పది మీటర్లకి పైగా ఎత్తు అలంకారపు బండ్లు నిలబెడతారు, అవి తీరిగ్గా చూపించొచ్చు.

కొత్తకాపురం
ఇది అదిరిపోయింది. మా ఆవిడ వేడినీళ్ల బుగ్గల గురించి అడగమంటోంది. అందరి ముందూ బట్టల్లేకుండా అంటే మా ఇద్దరివల్లా కాదు.

నిషిజిన్_అక్క
నావల్లా కాలేదు తల్లీ. దానికి క్యూషులో మంచి ఉపాయం ఉంది, ఫ్యామిలీ బాత్ అంటారు, ఒక గది, ఒక తొట్టి, గంట లెక్కన అద్దె. మీ కుటుంబం తప్ప ఎవరూ ఉండరు. కుమామోతో, ఒయితా వైపు ఇవి వీధికొకటి ఉంటాయి. దగ్గర్లో కావాలంటే ఫుత్సుకాయిచి, రైల్లో వెళ్లొచ్చు. తొట్టిలో దిగేముందు బయటే సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలి, నీళ్లలో సబ్బు, బట్టలు పెట్టకూడదు. పచ్చబొట్టు ఉన్నవాళ్లని పెద్ద స్నానాల హాల్లోకి చాలాచోట్ల రానివ్వరు, ఫ్యామిలీ గదిలో సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇతో_కుర్రాడు
వేడినీళ్ల బుగ్గల ఊళ్లు బెప్పు, యుఫుయిన్ వెళ్లాలంటే బస్సు చూడండి అన్నా. జేఆర్ క్యూషు రైల్ పాస్ టూరిస్టులకే, రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లకి ఇవ్వరు. సన్‌క్యూ పాస్ అనే బస్సు పాస్ మాత్రం మనమూ కొనుక్కోవచ్చు. ఇక పక్కనే బుసాన్ కదా, మధ్యాహ్నం ఓడ ఎక్కితే సాయంత్రానికి కొరియా అని జపాన్ ఫ్రెండ్స్ ఊరిస్తారు, మన పాస్‌పోర్టుకి వీసా కావాలి, టికెట్ కొనేముందే కాన్సులేట్‌కి వెళ్లండి.

కొత్తకాపురం
పరిచయాల సంగతి ఎవరూ చెప్పలేదు. పక్కింటివాళ్లు తల ఊపుతారు, అంతే.

పాతకాపు
తల ఊపడం దగ్గర ఆగిపోవడం మామూలే, మనం కదిపితే తప్ప ముందుకెళ్లదు. మీ పాప వెళ్లబోయే స్కూలు పరిధిలోనే కోమిన్‌కన్ ఉంటుంది, పేట సామూహిక భవనం అన్నమాట. అక్కడ పిల్లల ఆటలు, వంట క్లాసులు, వాలంటీర్లు చెప్పే జపనీస్ తరగతులు నడుస్తాయి, కొన్ని ఉచితం, కొన్నిటికి నామమాత్రం ఫీజు. నగరంవాళ్లదే అంతర్జాతీయ మార్పిడి ఫౌండేషన్ ఒకటి ఉంది, ఏ తరగతి ఎక్కడో వాళ్లని అడిగితే చెప్తారు. రెండు మూడుసార్లు ఎవరూ మాట్లాడరు, అయినా వెళ్లండి. మీ ఆవిడ ఒకరోజు గారెలు పట్టుకెళ్తే చాలు, తర్వాత ఫోన్లు వాళ్లే చేస్తారు.

రెండో దారి చెత్త. నవ్వకండి. ఈ ఊళ్లో చెత్త రాత్రిపూట ఎత్తుతారు, సూర్యాస్తమయం నుంచి అర్ధరాత్రి 12 లోపు బయట పెట్టాలి, కాలేదానికి ఎర్ర అక్షరాల సంచి, కాలనిదానికి నీలం, సీసాలకీ ప్లాస్టిక్ బాటిళ్లకీ పసుపు. సంచులు డబ్బిచ్చి కొనాలి, కాలే చెత్తకి పెద్ద సంచి 45 యెన్లు. సంచి పెట్టేటప్పుడు అదే టైముకి వచ్చే ముసలాయనకి గుడ్ ఈవెనింగ్ చెప్పండి. సంచి తప్పు రంగుదైతే ఆయనే సరిచేస్తాడు. నాకు ఈ దేశంలో మొదటి స్నేహితుడు అలా దొరికాడు, ఇప్పుడు ఆయనతో కలిసి నెలకోసారి తాచిబానా కొండ ఎక్కుతా. 367 మీటర్లే, పైనుంచి ఊరూ సముద్రం రెండూ కనిపిస్తాయి.

టోక్యో_బెటర్
చెత్త దగ్గర స్నేహాలు 😂 సరే ఒప్పుకుంటా, ఇక్కడ నా పక్క ఫ్లాటులో జపాన్ వాళ్ల పేరు కూడా నాకు తెలియదు. మనవాళ్లతోనే సరిపోతుంది.

ఉప్పూకారం
@టోక్యో_బెటర్ మనవాళ్లు ఉండటం కూడా తక్కువ విషయం కాదండి. జ్వరం వచ్చి పడుకున్న రోజు చారన్నం తెచ్చిపెట్టేవాళ్లు కావాలి. ఇక్కడ నాకు అది నిషిజిన్ అక్కే చేసింది. రెండూ కావాలి.

కొత్తకాపురం
అందరికీ థ్యాంక్స్. ఈ శనివారం ఎక్కడికి వెళ్లాలో తేలడం లేదు, ఇప్పుడు అక్టోబరు, పాపకి పూలు ఇష్టం.

పాతకాపు
అయితే నోకోనోషిమా. మెయ్‌నోహామా రేవు నుంచి ఓడలో పది నిమిషాలు, దీవి మీద దిగాక పార్కుకి బస్సు ఉంటుంది. ఈ నెలంతా సముద్రం అంచున కాస్మోస్ పూల తోటలు. వాన పడితే పక్కన పెట్టి ఉమినోనకామిచి పార్కుకి తర్వాతి వారం వెళ్లండి, అక్కడా కాస్మోస్ ఉంటాయి, పెద్దవాళ్లకి 450 యెన్లు, పిల్లలకి టికెట్ లేదు. ఓడ, బస్సు టైములు ముందే ఫోటో తీసి పెట్టుకోండి, తిరుగు బస్సుకి పెద్ద లైను ఉంటుంది, పూల మధ్య కూర్చుని ఆఖరి నిమిషంలో లేస్తే పాపని ఎత్తుకుని కొండ దిగాల్సొస్తుంది.

నిషిజిన్_అక్క
మేమూ శనివారం ఖాళీనే. పదిన్నరకి రేవు దగ్గర ఉంటాం. పులిహోర నేను తెస్తా, మీ ఆవిడని పెరుగన్నం తెమ్మనండి.

టోక్యో_బెటర్
నవంబరులో ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఫుకువోకా వస్తున్నా. ఆ సుమో టికెట్లు ఇంకా దొరుకుతాయా?

ఉప్పూకారం
శని, ఆదివారాలవి కష్టం. మంగళవారం పొద్దున వస్తానంటే చెప్పండి, చూద్దాం.